దేహళీ దీపం: ద్వారబంధం నుండి ఫిలింనగర్ వరకు దారుశిల్ప చరిత్ర

ఋగ్వేద దశమ మండలంలోని విశ్వకర్మ సూక్తం ఒక వడ్రంగికి సహజంగా కలిగే ప్రశ్ననే విశ్వకర్తను గురించి వేస్తుంది. ద్యావాపృథివులను చెక్కి నిలిపినప్పుడు ఆ కలప ఏ వనానిది? ఆ వృక్షం ఏది? సూక్తం ప్రశ్నించి ఊరుకుంటుంది. తైత్తిరీయ బ్రాహ్మణం దానికి సమాధానం చెబుతుంది: ఆ వనమూ బ్రహ్మమే, ఆ వృక్షమూ బ్రహ్మమే. నిమిత్తకారణం, ఉపాదానకారణం వేరు కావని వేదాంతులు తరువాతి కాలంలో విస్తరించి చెప్పిన సిద్ధాంతానికి ఇక్కడ ఒక చెట్టు, ఒక ఉలి ఆధారమైనాయి. సృష్టి రహస్యాన్ని దారుకర్మతో పోల్చి గ్రహించిన సంప్రదాయం, ఇంటి గుమ్మానికి తొడిగిన కొయ్యను కేవల జడపదార్థంగా ఎన్నడూ చూడలేదు.

నేటి గృహాలలో తలుపుల చుట్టూ, గోడ నేలను తాకే చోట, గోడ పైకప్పును కలిసే చోట అమర్చే చెక్కడపు పట్టీలను మోల్డింగులనీ, బీడింగులనీ వ్యవహరిస్తున్నారు. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ భవనాలలో వీటికి విశేషమైన ఆదరణ ఉన్నది. ఇవి సంపన్నుల అలంకరణ సామగ్రి మాత్రమేనని సాధకుడు పక్కకు తొలగిపోవచ్చు. కానీ వీటి చరిత్రను మూలం వరకు తడిమితే, గృహస్థుడు ప్రతిదినం దాటే గడపను గురించి, సత్యమిథ్యా వివేకాన్ని గురించి అది చెప్పే మాటలు ఉన్నాయి.

సంధికర్మ

మొదట ఈ పట్టీలు ఎక్కడ ఉంటాయో గమనించాలి. అవి రెండు కలిసే చోటనే ఉంటాయి. ద్వారబంధం గోడను కలిసే చోట ఒకటి, గోడ నేలను కలిసే చోట మరొకటి, గోడ పైకప్పును కలిసే చోట ఇంకొకటి. దీనికి కారణం పదార్థ స్వభావంలోనే ఉన్నది. కొయ్య వర్షాకాలంలో తేమను పీల్చి ఉబ్బుతుంది. గ్రీష్మంలో ఆరి కుంచించుకుంటుంది. మట్టి, సున్నం, ఇటుక ఆ విధంగా కదలవు. కదిలేది కదలనిదాన్ని ఆనుకొని నిలిచినప్పుడు నడుమ సన్నని చీలిక తప్పదు. ఆ చీలికను కప్పుతూ, కొయ్య కదలికకు అవకాశమిస్తూ, దుమ్మునూ చీమలనూ ఆపుతూ ఉండేదే ఆ పట్టీ. దానిమీది వంపులు, గాడులు వెలుగును ఒకచోట పట్టి, మరొకచోట నీడగా విడిచి, ఆ కలయికను కంటికి ఇంపుగా చేస్తాయి.

మన శిల్పశాస్త్రం ఈ కలయికలకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. మయమతంలో సంధికర్మ అనే అధ్యాయం కొయ్యను కొయ్యతో కూర్చే విధానాలను వివరిస్తుంది. మల్లలీల, బ్రహ్మరాజ, వేణుపర్వ వంటి పేర్లు ఆ కూర్పులకే చెందినవి. ఆ గ్రంథమే నిర్మాతలను నలుగురిగా పేర్కొంటుంది: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. తక్షకుడు చెక్కేవాడు, చెక్కినవాటిని కూర్చి వృద్ధి చేసేవాడు వర్ధకి. తెలుగువారి వడ్రంగి అనే మాటకు ఈ వర్ధకి శబ్దమే మూలమని పెద్దలు చెబుతారు. అనగా వడ్రంగి ముఖ్యధర్మం కోయటం కాదు, కలపటం. విశ్వకర్మ సంప్రదాయంలో మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులనే అయిదుగురిలో దారుకర్మకు అధిపతి మయుడు.

సంధి స్థానాలను పవిత్రంగా చూడటం మన ధర్మంలో అడుగడుగునా కనిపిస్తుంది. పగలు రాత్రి కలిసే వేళ సంధ్య. అది ఉపాసనా కాలం. నదులు కలిసే చోటు సంగమం, అది తీర్థం. లోపల వెలుపల కలిసే చోటు గడప. ఇంటిలోపల గానీ బయట గానీ, పగలు గానీ రాత్రి గానీ మరణం లేని హిరణ్యకశిపుని నృసింహస్వామి సంధ్యావేళ గడపమీదనే సంహరించాడు. వరాలన్నీ ఇటు లేదా అటు అనే లెక్కలో ఉన్నవి. స్వామి ఆ రెండింటికీ నడుమ నిలిచాడు. అహోబిల క్షేత్రాన్ని దర్శించే తెలుగు భక్తులకు ఈ తత్త్వం కొత్తది కాదు.

అలంకారం అనే పదం కూడా ఇక్కడ ఆలోచించదగినది. ‘అలం’ అంటే చాలు, పర్యాప్తం. చాలినంతగా చేయటమే అలంకారం. ఆనంద కుమారస్వామి 1939లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ వ్యుత్పత్తిని విశదీకరించి, అలంకారం అనేది పైన అంటించే అధికవస్తువు కాదనీ, వస్తువు తన పనికి పూర్తిగా సిద్ధం కావటమేననీ నిరూపించాడు. సంధిని కప్పే పట్టీ ఈ అర్థంలో నిజమైన అలంకారం. అది లేకపోతే గుమ్మం అసంపూర్ణం.

గుమ్మం నిలబెట్టే ముహూర్తం

క్రీస్తుశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వనసంప్రవేశం అనే అధ్యాయాన్ని రచించాడు. ప్రతిమ కోసం కలప తేవడానికి అడవిలో ప్రవేశించేవాడు ఏ చెట్టును విడిచిపెట్టాలో అందులో ఉన్నది. శ్మశానంలో పెరిగినది, పుట్ట పట్టినది, పిడుగు పడినది, పక్షుల గూళ్లున్నది, తనంత తానే ఎండినది పనికిరావు. ఎంచుకొన్న వృక్షాన్ని పూజించి, దాన్ని ఆశ్రయించిన ప్రాణులను వేరొక నివాసానికి తరలిపొమ్మని ప్రార్థించాలి. మరునాటి ఉదయం చెట్టును నీటితో తడిపి, తేనె, నెయ్యి పూసిన గొడ్డలితో ఈశాన్యం వైపు మొదలుపెట్టి ప్రదక్షిణంగా ఛేదించాలి. గొడ్డలికి తేనె పూయటంలో ఉన్న భావం స్పష్టమే. హింస అనివార్యమైనప్పుడు, అది హింస అనే స్పృహను పోగొట్టుకోరాదు.

ఆ గ్రంథంలోని ప్రాసాద లక్షణ భాగం ద్వారానికి మూడు, అయిదు, ఏడు లేదా తొమ్మిది శాఖలుండవచ్చునని చెబుతుంది. శాఖ అంటే ద్వారం చుట్టూ ఒకదాని పక్కన ఒకటిగా సాగే నిలువు పట్టిక. నేటి భాషలో చెప్పాలంటే అదే మోల్డింగు. చెట్టు కొమ్మకు ఉన్న పేరే ద్వారపు పట్టికకూ నిలిచింది. శాఖల అడుగుభాగంలో ద్వారపాలకులు, ఆపైన శుభపక్షులు, శ్రీవృక్షాలు, స్వస్తికలు, పూర్ణఘటాలు, మిథునాలు, పత్రలతలు ఉండాలని విధానం. ఓరుగల్లు, పాలంపేటలలోని కాకతీయ ఆలయ ద్వారాలను చూసినవారికి ఈ విధానం శిలారూపంలో కనిపిస్తుంది.

దేవాలయానికి చెప్పిన ఈ కల్పన సంక్షేపరూపంలో తెలుగు ఇంటికీ వచ్చింది. గోదావరి మండలాల మండువా లోగిళ్లలో గానీ, తెలంగాణలోని పాత గడీలలో గానీ సింహద్వారపు టేకు పట్టెలమీద పద్మాలు, లతలు, చిలుకలు, పైపట్టెమీద గజలక్ష్మి కనిపించటం పరిపాటి. గోడలు మట్టివైనా గుమ్మం మాత్రం మంచి కలపతో ఉండేది. ఆదిలాబాదు అడవుల టేకు, గోదావరి పరీవాహకపు టేకు, సముద్రమార్గాన వచ్చిన బర్మా టేకు ఈ గుమ్మాలకు ఆధారమైనాయి. నేటికీ శ్రీకాళహస్తి ప్రాంతపు మాధవమాల గ్రామంలో దేవతామూర్తులను, వాహనాలను, ద్వారాలను కొయ్యలో చెక్కే శిల్పులున్నారు.

ఇల్లు కట్టుకొనే తెలుగు గృహస్థుడు శంకుస్థాపనకు ఎంత ప్రాముఖ్యమిస్తాడో, గుమ్మం నిలబెట్టే ముహూర్తానికీ అంతటి ప్రాముఖ్యమిస్తాడు. ద్వారబంధానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, గడప కింద నవధాన్యాలు, నవరత్నాలు ఉంచి నిలబెడతారు. వడ్రంగికి నూతన వస్త్రాలు, తాంబూలం, దక్షిణ సమర్పిస్తారు. గోడలు ఇంకా లేవు, పైకప్పు లేదు. అయినా గుమ్మం నిలిచిన క్షణం నుండి ఆ స్థలానికి లోపల, వెలుపల అనే భేదం ఏర్పడుతుంది. గడపను లక్ష్మీస్థానంగా భావించి ఇల్లాలు పసుపు పూసేది ఈ కొయ్యకే.

రాతిలో నిలిచిన కొయ్య జ్ఞాపకం

ఒక పదార్థం మరొక పదార్థాన్ని అనుకరించటం దోషమా? నేటి ఇళ్లలో ప్లాస్టరు కొయ్యలాగా, ప్లాస్టిక్కు ప్లాస్టరులాగా కనిపిస్తున్నందున ఈ ప్రశ్న ముఖ్యమైనది. చరిత్ర దీనికి తొందరపాటు తీర్పును అంగీకరించదు.

ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచి నిర్మించిన వర్తులాకార చైత్యగృహం ఉన్నది. అది క్రీస్తుపూర్వపు బౌద్ధ నిర్మాణం. దాని లోకప్పును తలయెత్తి చూస్తే రాతిలో చెక్కిన వాసాలు కనిపిస్తాయి. రాతిగుహకు వాసాలతో పని లేదు. కొండ తన బరువును తానే మోసుకొంటుంది. కానీ ఆ శిల్పులు అంతవరకు ఎరిగిన పవిత్ర గృహం కొయ్య వాసాలతో, గడ్డి కప్పుతో కట్టిన గుండ్రని కుటీరం. దానినే వారు రాతిలో స్మరించారు. తరువాతి కాలపు ఆలయాలలో కపోతం అనే వంపు తిరిగిన అంచు పూరికప్పు చూరుకు శిలారూపమే. ఓరుగల్లు కోటలోని నాలుగు శిలాతోరణాలు కొయ్య తోరణాల కూర్పునే రాతిలో పలికిస్తాయి.

పాశ్చాత్య దేశాలలోనూ ఇదే జరిగింది. గ్రీకు ఆలయాల కప్పు అంచు కింద పళ్లవరుసవలె కనిపించే రాతి దిమ్మెలు ఒకప్పటి కొయ్య వాసాల కొనలేనని రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ తన గ్రంథంలో వివరించాడు. ప్రాక్పశ్చిమాలు రెండింటిలోనూ కొయ్య తొలి గురువు. రాయి దాని శిష్యుడు. శిష్యుడు గురువును అనుకరించినది మోసగించటానికి కాదు, మరచిపోకుండా ఉండటానికి. గుంటుపల్లి వాసాలను చూసి ఎవరూ కొయ్య అని భ్రమపడరు. భ్రమపరచాలని శిల్పి ఉద్దేశమూ కాదు.

ఆ పాశ్చాత్య రీతి పందొమ్మిదవ శతాబ్దిలో హైదరాబాదుకు చేరింది. కిర్క్‌పాట్రిక్ కాలంలో కోఠిలో లేచిన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం గ్రీకు, రోమన్ స్తంభాలను, అంచులను నగరానికి పరిచయం చేసింది. 1884లో నిర్మాణం ఆరంభమైన ఫలక్‌నుమా ప్రాసాదంలోని గ్రంథాలయపు కొయ్య లోకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోట లోకప్పును అనుసరించినదని ప్రసిద్ధి. ఈ విధంగా పద్మం, లత, పూర్ణఘటం నిలిచిన చోట మరొక నాగరికతకు చెందిన ఆకులు, పళ్లవరుసలు గౌరవచిహ్నాలైనాయి. నవాబుల దేవిడీల నుండి ఆ అభిరుచి క్రమంగా సంపన్న గృహాలకు వ్యాపించింది.

మాయసభ కట్టిన నగరం

జూబ్లీహిల్స్ ఒకప్పుడు గ్రానైటు బండలతో, పొదలతో నిండిన కొండ ప్రాంతం. సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా 1960వ దశకంలో అక్కడ నివాసాలకు పునాది పడింది. ఆ కాలానికి తెలుగు చలనచిత్రం ఎక్కువగా మద్రాసులోనే రూపొందుతున్నది. అమీర్‌పేటలోని సారథి స్టూడియో వంటివి హైదరాబాదులో వెలసినా, పరిశ్రమ సంపూర్ణంగా తరలి రావటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1983లో పద్మాలయా స్టూడియో, ఆపై ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో ఏర్పడ్డాయి. నటులు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులు ఈ కొండలమీద ఇళ్లు కట్టుకొన్నారు. ఒకే కొండమీద ఒక పక్క ఇళ్లు, ఒక పక్క ఇళ్లలాగా కనిపించే సెట్లు వెలిశాయి.

సెట్టు అంటే కెమెరా చూసేంత వరకు మాత్రమే ఉండే ఇల్లు. కర్రల చట్రానికి ప్లైవుడ్ కొట్టి, అచ్చుల్లో పోసిన ప్లాస్టరు పట్టీలను అంటించి, థర్మోకోల్ చెక్కి, రంగులు వేసేవారు దానిపై కొయ్యనారను కుంచెతో గీస్తారు. ముందునుండి చూస్తే అది వంద సంవత్సరాల టేకు ద్వారం. వెనుకకు వెళితే మేకులు, ముడి కర్రలు, ఖాళీ. చిత్రీకరణ ముగిసిన మరునాడు దానిని విప్పివేస్తారు. ఇందులో అసాధారణమైన నైపుణ్యం ఉన్నది. ఇది నింద్యం కాదు.

ఈ విషయాన్ని తెలుగువారందరూ ఎరిగిన ఒక సన్నివేశం స్పష్టపరుస్తుంది. 1977లో విడుదలైన దానవీరశూరకర్ణలో నందమూరి తారక రామారావు దుర్యోధనుడుగా మయసభలో ప్రవేశిస్తాడు. మహాభారత సభాపర్వంలో ఆ కథ ఉన్నది. స్ఫటికపు నేలను నీరని భ్రమించి వస్త్రాలు ఎత్తుకొన్నవాడు, నీటిని నేల అని భ్రమించి పడిపోయినవాడు, మూసిన ద్వారాన్ని తెరిచినదనుకొని తల కొట్టుకొన్నవాడు దుర్యోధనుడు. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. తెరమీద కనిపించే మయసభ తానే ఒక సెట్టు. అందులోని పాత్ర మోసపోతున్నది. చూసే ప్రేక్షకుడు మోసపోవటం లేదు. ఇది సెట్టు అని తెలిసే అతడు ఆనందిస్తున్నాడు. మిథ్య మిథ్యగా తెలిసినప్పుడు రసాస్వాదనకు ఆటంకం లేదు. పైగా ఆ తెలివి వల్లనే రసం కలుగుతుంది. మిథ్యను సత్యంగా పట్టుకొన్నవాడికి మాత్రమే తల బొప్పి కడుతుంది. ఆ బొప్పి తగిలింది ద్వారం దగ్గర కావటం గమనార్హం. లోపలికీ వెలుపలికీ భేదం తెలియనివాడు గుమ్మం దగ్గరే ఓడిపోయాడు.

ఇల్లు సెట్టు అయినప్పుడు

కాలక్రమంలో సెట్టు వేసే పద్ధతులు, ఇల్లు అలంకరించే పద్ధతులు దగ్గరయ్యాయి. ప్లాస్టరు అచ్చులు ఇళ్ల ఫాల్స్ సీలింగులకు ఎక్కాయి. కొయ్య పీచును జిగురుతో అదిమి చేసిన ఎమ్‌డీఎఫ్ పలకలు, పాలీయురిథేన్ పట్టీలు టేకు స్థానాన్ని ఆక్రమించాయి. ఒక్కొక్క వంపుకు ఒక్కొక్క చిత్రికను పదునుపెట్టి, పొరలు పొరలుగా కొయ్యను దించే వడ్రంగి పనిని కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రం గంటలలో పూర్తిచేస్తున్నది. పూజామందిరపు తలుపుమీద ఓంకారమైనా, హాలు గోడమీద ఫ్రెంచి ప్రాసాదపు చట్రమైనా దానికి ఒకటే. నగరంలో నేడు ఈ పని చేసేవారిలో రాజస్థాన్ నుండి వచ్చిన సుతార్, జాంగిడ్ వంశాల వడ్రంగులూ ఎందరో ఉన్నారు. వారికీ కులదైవం విశ్వకర్మయే.

పదార్థం మారటాన్ని మాత్రమే చూసి శోకించనవసరం లేదు. అడవులు తరిగిపోయిన కాలంలో ప్రతి గృహానికీ పాత టేకు కావాలనటం కూడా ధర్మం కాదు. గొడ్డలికి తేనె పూయమన్న సంప్రదాయం చెట్టును మిగిల్చే పదార్థాన్ని ద్వేషించదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని, బంగారాన్ని, ఇనుమును చూపి, వికారాలు నామమాత్రమేననీ, ఆధారమైన పదార్థమే సత్యమనీ బోధించాడు. ఆ దృష్టిలో టేకుగుమ్మమూ నామరూపమే, ఎమ్‌డీఎఫ్ పట్టీయూ నామరూపమే.

వ్యవహార దశలో మాత్రం భేదం ఉన్నది. అది పదార్థంలో కాదు, స్థానంలో ఉన్నది. పూర్వపు పట్టీ సంధిని ఆశ్రయించి నిలిచేది; దానికి ఒక పని ఉండేది. నేటి చట్రాలు సంధి లేని సమతల గోడమధ్య, దేనినీ కలపకుండా, దేనినీ కప్పకుండా అంటుకొని ఉంటాయి. అలం అనే అర్థం జారిపోయి కారం మాత్రం మిగిలింది. అదే సమయంలో అసలైన సంధిస్థానమైన గడప అనేక ఇళ్లలో నేలకు సమంగా అణగిపోతున్నది, లేదా కేవలం ఒక రాతిగీతగా మిగులుతున్నది. అలంకారం గోడమీదికి ఎక్కింది. అది కాపాడవలసిన గడప మరుగైపోయింది.

ఇంతకంటె బాధాకరమైన పరిణామం మరొకటి. గ్రామాలలో మండువా ఇళ్లు కూలినప్పుడు వాటి ద్వారబంధాలు పురాతన వస్తువులుగా అమ్ముడుపోతున్నాయి. మూడు తరాల స్త్రీలు పసుపు పూసిన గుమ్మం, నగరంలో ఒక సంపన్న గృహపు గోడకు తగిలించిన అలంకరణగా, లేదా అద్దం పరచిన భోజనపు బల్లగా మారుతున్నది. కొన్నవారికి దాని చెక్కడంమీద గౌరవం ఉండవచ్చు. దాన్ని చెత్తలో పడకుండా రక్షించినది వారేననటమూ నిజమే. కానీ ఏ ద్వారంగుండా ఎవరూ రారో, ఎవరూ పోరో, అది ద్వారం కాదు. అది ద్వారపు సెట్టు. అటువంటి ద్వారబంధం చేతికి వచ్చిన గృహస్థుడు దానిని తన ఇంటి సింహద్వారానికో, పూజామందిరానికో తిరిగి నిలబెట్టుకొంటే ఆ కొయ్యకు దాని ధర్మం తిరిగి లభిస్తుంది.

శాస్త్రజ్ఞులు దేహళీ దీప న్యాయం అనే ఒక మాటను వాడుతారు. దేహళి అంటే గడప. గడపమీద పెట్టిన దీపం ఇంటిలోపలికీ, వాకిలికీ ఒకేసారి వెలుగునిస్తుంది. ఒకే పదం ముందు వాక్యానికీ, వెనుక వాక్యానికీ అన్వయించినప్పుడు వ్యాఖ్యాతలు ఈ న్యాయాన్ని ఉదాహరిస్తారు. గృహస్థాశ్రమమే అట్టి గడప. ఒక వైపు లోకవ్యవహారం, ఒక వైపు అంతర్ముఖత్వం. రెండింటికీ వెలుగు కావాలంటే దీపం గోడమధ్య గూటిలో కాక సంధిలో ఉండాలి. గీత దేహాన్ని తొమ్మిది ద్వారాల పురమన్నది. ఆ ద్వారాల దగ్గర మెలకువగా ఉండటమే సాధన.

ఫిలింనగర్ దైవసన్నిధానంలోనూ, జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిలోనూ భక్తులు లోనికి అడుగుపెట్టే ముందు వంగి గడపను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకొంటారు. వారిలో నటులుంటారు, సెట్లు వేసే వడ్రంగులుంటారు, కుంచెతో కొయ్యనార గీసేవారుంటారు. ఏది సెట్టు, ఏది ఇల్లు అనే వివేకం వృత్తిరీత్యా అందరికంటె బాగా తెలిసినవారు వారే. ఆ వంగిన క్షణంలో ఉన్న ఎరుకనే సాయంకాలం తన ఇంటి గుమ్మం దాటేటప్పుడు కూడా నిలుపుకొన్నవాడికి, ఆ గుమ్మం టేకుదైనా, ప్లైవుడ్‌దైనా, విశ్వకర్మ ఏ వృక్షం నుండి లోకాలను చెక్కాడో ఆ వృక్షపు శాఖయే అవుతుంది.